రెండు రోల్స్ పాడైతే కెమెరా మార్చేయాలా? ముందు ఆ నెగటివ్‌లు వెలుతురుకి పట్టి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో పాత యాషికా మ్యాట్ 124జి (పై లెన్స్‌లోంచి చూసి, కింది లెన్స్‌తో తీసే టీఎల్ఆర్ రకం ఫిల్మ్ కెమెరా) దొరికింది, రెండు రోల్స్ తీశారు. మొదటి రోల్‌లో అంచుల వెంట తెల్లటి మసక వచ్చింది, మొదటి రెండు ఫ్రేములు ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి. రెండో రోల్‌లో మనుషుల ముఖాలు మెత్తగా ఉన్నాయి, వెనకున్న గోడ మాత్రం ఇటుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. లైట్ మీటర్ ముల్లు కదలడం లేదు. దీన్ని అమ్మేసి హాసెల్‌బ్లాడ్ కొనుక్కుంటే ఈ తలనొప్పులు పోతాయా?

పోవు. కొత్తవి వస్తాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పాత డబ్బాలతోనే కాపురం చేస్తున్నాను. మీరు చెప్పినవాటిలో ఒక్కటి తప్ప మిగతావేవీ కెమెరా తప్పులని నాకు అనిపించడం లేదు. ఆ ఒక్కటి కూడా బాగుచేయించుకోగలిగిందే.

ముందు ఒక పని చేయండి. స్కాన్‌లు పక్కన పెట్టి, నెగటివ్‌లు తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. స్కాన్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అంచులు కత్తిరించేస్తుంది, వెలుతురు ఎక్కువైనా తక్కువైనా దానంతట అదే సర్దేస్తుంది. అంటే మనకు కావలసిన ఆధారాలన్నీ తుడిచేసి బొమ్మ చేతికిస్తుందన్నమాట. నెగటివ్‌లో అవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. వెలుతురు పడిన చోట నల్లగా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

అంచుల మసకే చూద్దాం. ఆ నలుపు ఫిల్మ్ చివరి అంచు నుంచి మొదలై, ఫ్రేముల బయట ఉండే ఖాళీ పట్టీని దాటుకుని లోపలికి పాకిందా? లేక ఫ్రేము చతురస్రం లోపలే ఉండి, బయటి పట్టీ శుభ్రంగా ఉందా? మొదటిదైతే, రోల్ వదులుగా చుట్టుకోవడం వల్ల స్పూల్ (ఫిల్మ్ చుట్టుకునే కండె) రెక్కలకీ ఫిల్మ్ వెనకుండే కాగితానికీ మధ్య సందులోంచి వెలుతురు దూరింది. వెనక తలుపు సరిగా మూసుకోకపోయినా ఇలాగే బయటి పట్టీ మీద కూడా కనిపిస్తుంది, కానీ అప్పుడు మచ్చ సాధారణంగా ఒకే వైపు వస్తుంది. రెండోదైతే, వెలుతురు లెన్స్ వైపు గదిలోంచి వచ్చింది. బెలోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ముడుచుకునే మడతల గొట్టం) ఉండే కెమెరాలకు చిల్లి పడితే ఇలాగే ఉంటుంది. మీ కెమెరాకి బెలోస్ లేదు. మీది నూటికి తొంభై పాళ్లు మొదటి రకమే.

ఇది 120 ఫిల్మ్‌తో వచ్చే చిక్కు. కొడాక్ 1901లో దీన్ని తెచ్చినప్పటి నుంచి పద్ధతి మారలేదు. 35 ఎంఎం ఫిల్మ్‌లా లోహపు డబ్బాలో భద్రంగా ఉండదు. ఫిల్మ్ వెనక నల్లకాగితం పొడవునా ఉంటుంది, రెండూ కలిసి ఒక స్పూల్ మీంచి ఇంకో స్పూల్ మీదకి చుట్టుకుంటాయి. వెలుతురు నుంచి కాపాడేది ఆ కాగితమూ, దాని బిగువూ. బిగువు పోతే కాపలా పోయినట్టే.

కాబట్టి లోడ్ చేసేటప్పుడు ఎండలో నిలబడకండి, నీడ దొరక్కపోతే మీ వీపు ఎండకి పెట్టి మీ నీడలోనే చేయండి. కాగితం నాలుకని ఖాళీ స్పూల్ గాడిలోకి నిటారుగా దూర్చండి. వంకరగా దూరితే చుట్టుకునే కొద్దీ ఒక పక్కకి జరుగుతూ పోతుంది. ఒక చేత్తో క్రాంక్ (ఫిల్మ్ చుట్టే పిడి) తిప్పుతూ, రెండో చేతి బొటనవేలు కింద ఉన్న నిండు రోల్ మీద ఆనించి ఉంచండి. కాగితం తంబురా తీగంత కాకపోయినా, మధ్యలో వేలితో నొక్కితే కుంగకుండా ఉండాలి. కాగితం మీద బాణం గుర్తు వస్తుంది, అది కెమెరాలో 120కి ఉన్న గుర్తు దగ్గరికి రాగానే ఆపి తలుపు మూయండి. ఆ తర్వాత క్రాంక్ దానంతటది ఆగేదాకా తిప్పండి. మీరు చెప్పిన ‘మొదటి రెండు ఫ్రేములు ఎక్కడం’ కూడా ఈ వదులు వల్లే. మొదట్లో చుట్టు బిగుసుకోకపోతే మొదటి ఫ్రేముల దగ్గర దూరాలు తేడా వస్తాయి, తర్వాత సర్దుకుంటాయి. రోల్ పొడవునా అడ్డదిడ్డంగా ఎక్కి ఉంటే అప్పుడు గేర్లని అనుమానించాలి.

తలుపు తీసినప్పుడే ఇంకోటి కూడా చూడండి. మీ కెమెరా 120తో పాటు 220 ఫిల్మ్ కూడా తీసుకుంటుంది. 220లో ఫిల్మ్ వెనక కాగితం ఉండదు, రెట్టింపు పొడవు ఉంటుంది. అందుకే తలుపు లోపల ఫిల్మ్‌ని చదునుగా నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌కి రెండు స్థానాలుంటాయి. అది 120 స్థానంలోనే ఉందా? ఇంతకు ముందు వాడినవాళ్లు ఎటు జరిపి వదిలేశారో ఎవరికి తెలుసు.

పన్నెండు ఫ్రేములూ అయిపోయాక బిగువు పోయి చేతికి తేలిగ్గా తగిలేదాకా తిప్పి, నీడలోనే తలుపు తీయండి. తీయగానే రోల్ స్ప్రింగులా విచ్చుకోబోతుంది, వెంటనే బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. కాగితం చివర లోపలికి మడిచి, జిగురు పట్టీ తడిపి గట్టిగా అంటించి, వెలుతురు చొరని డబ్బాలో వేయండి. చొక్కా జేబులో వేసుకుని ఎండలో తిరిగితే లోడింగ్‌లో పడిన జాగ్రత్తంతా వృథా. ఖాళీ అయిన స్పూల్ పారేయకండి, వచ్చే రోల్‌కి చుట్టుకునే స్పూల్ అదే.

ఇప్పుడు అసలు విషయం, ఆ మెత్తటి ముఖాలు. చెయ్యి కదిలితే ఫ్రేము మొత్తం ఒకే దిశలో సాగినట్టు అలుక్కుపోతుంది, ముఖమూ గోడా రెండూ పోతాయి. మీకు గోడ స్పష్టంగా వచ్చింది. అంటే లెన్స్ బాగానే ఉంది, షట్టర్ వేగమూ చాలింది, ఫోకస్ మాత్రం మనిషిని దాటి వెనక్కి వెళ్లింది. ఒకటి రెండు ఫ్రేముల్లో అయితే మీ కంటి పొరపాటు అనుకోవచ్చు. రోల్ అంతా ప్రతిసారీ వెనక్కే వెళ్తోందంటే, పై లెన్స్‌లో మీరు చూసేదీ కింది లెన్స్ ఫిల్మ్ మీద రాసేదీ ఒకటి కావడం లేదు.

ఇది నాకు బాగా తెలిసిన జబ్బు, ఎందుకంటే నేనే తెచ్చుకున్నాను. నా మొదటి టీఎల్ఆర్‌లో గ్రౌండ్ గ్లాస్ (పైనుంచి చూస్తే బొమ్మ కనిపించే గరుకు గాజు పలక) మీద దుమ్ము కనిపించి చిరాకేసింది. పైన హుడ్‌కి నాలుగు మరలు, అవి తీస్తే గ్లాస్ చేతికొచ్చింది. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, భలే శుభ్రంగా ఉందని మురిసిపోయాను. తర్వాతి రోల్‌లో రెండు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి తీసిన ముఖం మసక, అరమీటరుకు పైగా వెనకున్న తలుపు గొళ్లెం మీద తుప్పు మరకతో సహా స్పష్టం. నేను గ్లాస్‌ని తిరగేసి బిగించాను. గరుకు వైపు కిందికి, అంటే కెమెరా లోపలి అద్దం వైపుకి ఉండాలి. బొమ్మ ఏర్పడేది ఆ గరుకు ముఖం మీదే. అది పైకి వస్తే గ్లాస్ మందం మేరకు బొమ్మ పడే చోటు జరిగిపోతుంది. మిల్లీమీటరు తేడా అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ, 80 ఎంఎం లెన్స్ అనంతం నుంచి రెండు మీటర్ల దాకా ఫోకస్ కావడానికి ముందుకు కదిలేదే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన!

మీ కెమెరాని కూడా ఎవరో ఒకరు ఎప్పుడో శుభ్రం చేసే ఉంటారు. ఒక గుర్తు చెబుతాను. ఫోకస్ నాబ్‌ని అనంతం దాకా తిప్పి, బాగా దూరంలో ఉన్న కరెంటు స్తంభాన్నో కొండనో హుడ్‌లోని భూతద్దం తెరిచి చూడండి. నాబ్ ఆగిపోయినా స్తంభం ఇంకా కాస్త మసకగానే ఉంటే గ్లాస్ తిరగబడిందనో, దాంతో పాటు ఉండే, బొమ్మని వెలుగుగా చూపే ఫ్రెనెల్ పలక వరస మారిందనో అర్థం.

ఇంకా నమ్మకంగా తేల్చాలంటే ఖాళీ కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనే లోపలి పట్టాల మీద ఒక చిన్న గ్రౌండ్ గ్లాస్ ముక్కని గరుకు వైపు లెన్స్‌కి ఉండేలా ఆనించండి. షట్టర్ ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే స్థానంలో) పెట్టి, తాళం పడే కేబుల్ రిలీజ్‌తో తెరిచి ఉంచి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. పై గ్లాసులో ఒక అక్షరాన్ని ఫోకస్ చేసి, వెనక గ్లాసులో అదే అక్షరాన్ని భూతద్దంతో చూడండి. రెండూ ఒకేసారి స్పష్టమైతే కెమెరా నిర్దోషి. తేడా ఉంటే, గ్లాస్ సరిగ్గానే ఉంటే, అప్పుడు రిపేర్ చేసేవారికి ఇవ్వండి. పై లెన్స్‌ని కింది దానితో సరిచేయడం వాళ్లకి పెద్ద పని కాదు. మీరు మాత్రం లెన్స్ రింగుల జోలికి పోకండి.

ఆ భూతద్దం సంగతి ఇంకో మాట. దాన్ని తెరవకుండా ఫోకస్ చేసేవాళ్లని చాలామందిని చూశాను. 6×6లో, అంటే మీ కెమెరా సైజులో, నెగటివ్ దాదాపు 56 మిల్లీమీటర్ల చతురస్రం, 35 ఎంఎం ఫ్రేముకి మూడున్నర రెట్లకు పైగా వైశాల్యం. ఆ పరిమాణం వల్లే టోన్లు అంత మెత్తగా జారుతాయి. దాని వల్లే ఫోకస్ లోతు కూడా తగ్గుతుంది. ఈ సైజులో మామూలు చూపుకి 80 ఎంఎం లెన్స్ కావాలి, లెన్స్ ఎంఎం పెరిగే కొద్దీ ఫోకస్ లోతు తగ్గుతుంది. ఎఫ్/3.5 దగ్గర, అంటే అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, మీటరు దూరంలో కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. మొదట్లో అపర్చర్‌ని ఎఫ్/8 కన్నా ఎక్కువ తెరవకండి.

లైట్ మీటర్ గురించి బెంగ వద్దు. ఈ కెమెరా 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసింది, ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు కదలొచ్చు గానీ చెప్పేది తప్పు కావచ్చు. వినికిడి యంత్రాల్లో వాడే జింక్ ఎయిర్ బ్యాటరీని చిన్న రింగుతో అమర్చి కొందరు లాక్కొస్తారు. నేనైతే దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తాను. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ చాలు. అదీ లేకపోతే పాత లెక్క ఉండనే ఉంది: నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ వేగం ఫిల్మ్ ఐఎస్ఓకి (ఫిల్మ్ వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకెకి) దగ్గరగా పెట్టడం. ఐఎస్ఓ 100 ఫిల్మ్ అయితే సెకనులో 125వ వంతు. పల్చటి మబ్బుకి ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు), దట్టమైన మబ్బుకి మూడు స్టాపులు తెరవండి. నెగటివ్ ఫిల్మ్ వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. సందేహం వస్తే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వండి. స్లైడ్ ఫిల్మ్‌కి ఇది సరిగ్గా ఉల్టా, దాని జోలికి ఇప్పుడే వద్దు. నీడలు పల్చగా, గాజులా పారదర్శకంగా ఉన్నాయంటే ఎక్స్‌పోజర్ తక్కువైందని నెగటివ్ చెబుతున్నట్టు. అప్పుడు డెవలపింగ్ ఎంత పెంచినా అక్కడ లేనిది రాదు.

షట్టర్ని కూడా ఓసారి వినండి. ఫిల్మ్ లేకుండా అన్ని వేగాలూ ఇరవై ముప్పైసార్లు కొట్టండి. పాత షట్టర్లలో నూనె గట్టిపడి, నెమ్మది వేగాలు మరీ నెమ్మదిస్తాయి. ఒక సెకను దగ్గర గర్రుమంటూ మధ్యలో ఆగి ఆగి నడిస్తే శుభ్రం చేయించాల్సిందే. ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి కొలిస్తే ఒక సెకను, అర సెకను లాంటివి చక్కగా తేలిపోతాయి. వేగంగా ఉండేవి చెవికి అందవు. 500వ వంతు అని రాసి ఉన్నా పాత షట్టర్ అంత కొట్టకపోవచ్చు, నెగటివ్ ఫిల్మ్‌తో దానికి భయపడక్కర్లేదు. దయచేసి నూనె మాత్రం వేయకండి. రేకుల మీదికి చేరితే అతుక్కుపోతాయి. సెల్ఫ్ టైమర్ లివర్ని కూడా ముట్టుకోకండి. పాతబడిన షట్టర్లలో అది మధ్యలో చిక్కుకుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది.

ఇక చేతి పని. ఈ కెమెరాలో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. నడిచే మనిషిని వెంబడించబోతే మొదటి వారం మనం అవతలి వైపు తిరుగుతాం. దానికి ఉపాయం లేదు, అలవాటే. మెడ పట్టీని బిగువుగా లాగి పట్టుకుని, ఊపిరి వదిలి, నెమ్మదిగా నొక్కండి. లోపల ఎగిరిపడే అద్దం లేదు కాబట్టి 30వ వంతు సెకను కూడా చేత్తో వస్తుంది. బొడ్డు దగ్గర పెట్టుకుని తీస్తే ముఖాలు కింది నుంచి చూసినట్టు వస్తాయి, ముక్కు రంధ్రాలు ముందుంటాయి. కెమెరాని ఛాతీ దాకా ఎత్తండి. దగ్గరి ఫోటోల్లో తలలు తెగుతుంటే అది పారలాక్స్. మీరు చూసే లెన్స్ పైనా, తీసే లెన్స్ కిందా ఉన్నాయి కదా. ఫోకస్ అయ్యాక ఆ రెండు లెన్స్‌ల మధ్య దూరమంత కెమెరాని పైకి జరిపి నొక్కండి.

హాసెల్‌బ్లాడ్ మాట. 1957లో వచ్చిన 500సి, దాని తర్వాత వచ్చిన తమ్ముళ్లూ అద్భుతమైన యంత్రాలే, కాదనను. లెన్స్ మార్చుకోవచ్చు, రోల్ మధ్యలో బ్యాక్ (ఫిల్మ్ ఉండే వెనక డబ్బా) మార్చుకోవచ్చు. కానీ లెన్స్, బాడీ రెండూ కాక్ అయి (స్ప్రింగు బిగిసి, కొట్టడానికి సిద్ధంగా) ఉన్నప్పుడే బిగించాలి. ఒకటి కాక్ అయి ఇంకోటి కాకపోతే రెండూ పట్టేసుకుంటాయి. డార్క్ స్లైడ్ (బ్యాక్‌లోని ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా అడ్డుండే పలక) తీయడం మరిస్తే షట్టర్ పడదు, తీశాక జేబులో పెట్టి మరిచిపోతే బ్యాక్ ఊడదు. పాత బ్యాకుల్లో డార్క్ స్లైడ్ దూరే చోట ఉండే సీల్ అరిగిపోయి వెలుతురు కారుతుంది. అప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు, కాకపోతే ఇంకా ఖరీదైన కెమెరాతో. ఫోకస్ సరిచేయించిన యాషికాతో ఎఫ్/8 దగ్గర తీసిన నెగటివ్‌ని హాసెల్‌బ్లాడ్ నెగటివ్ పక్కన పెడితే, గోడకి వేలాడదీసే సైజు ప్రింట్‌లో ఏది ఏదో చెప్పడం నాకైతే కష్టమే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ వివియన్ మేయర్ వీధుల్లో తీసిన అన్ని వేల ఫోటోల్లో ఎక్కువ భాగం ఇలాంటి రెండు కళ్ల రోలీఫ్లెక్స్‌తో తీసినవే.

నిజంగా రెండో కెమెరా మీద మనసుంటే, మడిచి జేబులో పెట్టుకునే పాత ఐకాంటా లాంటిది చూడండి. ప్రయాణాలకి దాన్ని మించింది లేదు. కొనే ముందు చీకటి గదిలో వెనక తలుపు తెరిచి, బెలోస్ లోపల చిన్న టార్చి పెట్టి, మూలలు చూడండి. చిల్లులుంటే నక్షత్రాల్లా మెరుస్తాయి. పాత ఆగ్ఫా ఐసొలెట్‌లలో బెలోస్ ఇలా పోవడం, లెన్స్ గ్రీజు ఎండి ఫోకస్ రింగు బిగుసుకుపోవడం మామూలు. వాటి వెనక ఎర్ర కిటికీలోంచి కాగితం మీది అంకెలు చూస్తూ తిప్పాలి. ఎరుపు రంగుకి స్పందించని ఫిల్ములు వాడిన కాలంలో ఆ కిటికీ క్షేమమే. ఇప్పటి ఫిల్ములు ఎరుపుని కూడా చూస్తాయి, కాబట్టి తిప్పేటప్పుడు తప్ప మూసే ఉంచాలి. అన్నట్టు, ముందు తిప్పి తర్వాత బెలోస్ తెరవకండి. తెరిచినప్పుడు గాలి లాగి ఫిల్మ్ ముందుకి ఉబ్బుతుంది. తెరిచాకే తిప్పండి.

డెవలపింగ్ మీరే చేస్తానన్నారు కదా, ఒకే ఒక్క జాగ్రత్త. 120 ఫిల్మ్ వెడల్పు ఎక్కువ, పల్చన, డెవలపింగ్ ట్యాంకు లోపలి రీలుకి ఎక్కించేటప్పుడు మెలిక పడితే నెలవంక ఆకారంలో మచ్చలు పడతాయి. రీలు ఏమాత్రం తడిగా ఉన్నా ఇరుక్కుంటుంది. పాడైన ఆ మొదటి రోల్‌లో ఒక ముక్కని త్యాగం చేసి, వెలుతురులో పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు ఎక్కించడం సాధన చేయండి. కాగితానికి ఫిల్మ్‌ని అంటించిన టేపుని చీకట్లో నెమ్మదిగా ఊడదీయండి, సర్రున లాగితే అక్కడ చిన్న మెరుపు పుడుతుంది. మామూలు ప్లాస్టిక్ ట్యాంకులో ఒక రోల్‌కి సుమారు 500 మిల్లీలీటర్ల ద్రావకం కావాలి, 35 ఎంఎం లెక్కన పోస్తే ఒక అంచు తేలిపోతుంది.

మూడో రోల్‌ని ఫోటోల కోసం కాకుండా పరీక్ష కోసం ఖర్చు పెట్టండి. ఐఎస్ఓ 100 నలుపు తెలుపు ఏదైనా ఫర్వాలేదు. మూడు ఫ్రేములు ఏటవాలుగా పరిచిన వార్తాపత్రిక మీద, మీటరున్నర దూరం నుంచి, ఎఫ్/3.5లో, మధ్యలో ఒక శీర్షికకి పెన్నుతో గీత గీసి దాన్నే ఫోకస్ చేసి. రెండు ఫ్రేములు అనంతం మీద. నాలుగు ఒకే దృశ్యం, ఒకే వెలుతురు, అపర్చరూ షట్టరూ జంటగా మారుస్తూ. షట్టర్ సరిగా ఉంటే నాలుగూ ఒకే నలుపులో రావాలి. మిగతా మూడు మీ ఇష్టం, ఇంట్లోవాళ్లని తీసుకోండి. ప్రతి ఫ్రేముకీ ఏం పెట్టారో కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు.

అది ఆరాక నెగటివ్ పట్టీని తెల్లటి స్క్రీన్ మీద పరిచి, ఫోన్‌తో ఫోటో తీసి చూపించండి. అంచులతో సహా, ఏమీ సరిదిద్దకుండా. ఆ వార్తాపత్రికలో మీరు గీత గీసిన వరస కాకుండా ఏ వరస స్పష్టంగా ఉందో చెబితే, గ్లాస్ తిప్పాలా, రిపేర్‌కి ఇవ్వాలా అన్నది అప్పుడే చెప్పేస్తాను.